కెమెరా పెట్టెలో సిలికా జెల్ వేస్తే సెన్సర్ మీద మంచు ఆగదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో నక్షత్రాల ఫొటోగ్రఫీ మీద వచ్చిన వ్యాసం చూశాం. చల్లబరిచే ఖగోళ కెమెరాల గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ కాబట్టి ముందుగా అభినందనలు. అందులో ఒక్క పేరా మాత్రం సరిదిద్దాల్సి ఉంది. కెమెరాకు మంచు పట్టకుండా పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచమని, అప్పటికే పట్టి ఉంటే ఒక రాత్రి బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చారు. మొదటిది సగం నిజం, రెండోది పూర్తిగా తప్పు. వేలూ లక్షలూ పోసి కొనే వస్తువు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాం. నిడివి ఎక్కువైతే మన్నించండి.

గందరగోళం కొంత మన మాటలోనే ఉంది. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనబడకుండా కమ్మేదీ మంచే, పాత ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడకు పేరుకునేదీ మంచే. కెమెరా దగ్గరికి వచ్చేసరికి ఇవి వేర్వేరు జబ్బులు. అందుకని ఈ ఉత్తరం వరకు రెండు మాటలు విడదీసి వాడతాం. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు చెమర్చినట్టు కెమెరా ముందు అద్దానికి బయటివైపు పట్టేది చెమ్మ. మూసి ఉన్న చాంబర్ లోపల, వెలుతురును పట్టి ఫొటోగా మార్చే సెన్సర్ పైనుండే పలుచటి అద్దం మీద గడ్డకట్టేది మంచు. చెమ్మ బయటి గాలిలోంచి వస్తుంది. మంచు లోపల చిక్కుకున్న గాలిలోంచి వస్తుంది. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

చాంబర్ అంటున్నది ఏమిటంటే, వేడి వల్ల ఫొటోలో పుట్టే గోల (నాయిస్) తగ్గాలని సెన్సర్‌ను చల్లబరుస్తారు, అందుకు దాని వెనక పెల్టియర్ పలక ఒకటి ఉంటుంది. కరెంటు ఇస్తే దాని ఒక ముఖం చల్లబడుతుంది, రెండో ముఖం వేడెక్కుతుంది. ఆ వేడిని వెనకున్న ఫ్యాను బయటికి తోసేస్తుంది. సెన్సర్ ఉన్న చోటును ముందు అద్దంతో, ఓ-రింగులతో, అంటే గుండ్రటి రబ్బరు చుట్టలతో, బిగించి మూసేస్తారు. ఆ చిన్న గదే చాంబర్. పెట్టెలో వేసిన పొట్లానికీ ఆ గదిలోని గాలికీ మధ్య అద్దం, అల్యూమినియం, రబ్బరు అడ్డం ఉన్నాయి. పొట్లం ఎంత మంచిదైనా గోడ అవతలి తేమను ఒక్క రాత్రిలో పీల్చేయలేదు.

ఇంతకీ ఆ గదిలో నీరు ఎంత ఉంటుంది? బయట 28 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం అనుకుందాం. విశాఖలో, కాకినాడలో ఏడాదిలో ఎన్నో రాత్రులు ఇలాగే ఉంటాయి. అలాంటి గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 22 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. చాంబర్‌లో 40 మిల్లీలీటర్ల గాలి పడుతుందని లెక్కకు తీసుకుంటే అందులోని నీరు 0.9 మిల్లీగ్రాము. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ కాస్త నీరూ 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.7 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఏపీఎస్-సీ సెన్సర్ మీద సమంగా పరుచుకుంటే 2 మైక్రాన్ల పైచిలుకు మందం వస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఈ సైజులో చాలామంది వాడే సోనీ ఐఎమ్ఎక్స్ 571 సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 3.76 మైక్రాన్లే. పైగా మంచు నేతి పొరలా సమంగా పేరదు. స్ఫటికాలుగా, కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది, ప్రతి కొమ్మా వెలుతురును చెదరగొడుతుంది.

సెన్సర్‌ను మైనస్ 10 డిగ్రీలకు దించినప్పుడు దాని మీద మంచు కట్టకూడదంటే, చాంబర్ గాలిలో తేమ 28 డిగ్రీల దగ్గర కొలిస్తే 7 శాతం మించకూడదు. 0 డిగ్రీల దగ్గర ఆపితే 16 శాతం దాకా పరవాలేదు. మైనస్ 20కి వెళ్లాలంటే మాత్రం 3 శాతం లోపే ఉండాలి. ఇప్పుడు బియ్యం సంగతి చూడండి. మన ఇళ్లలో ఉండే బియ్యంలోనే 12 నుంచి 14 శాతం నీరు ఉంటుంది. వాటి చుట్టూ మూసి ఉన్న డబ్బాలో గాలి తేమ 60, 70 శాతం దగ్గర నిలబడుతుంది. 7 శాతం కావాల్సిన చోటికి 60 శాతం దాన్ని తెచ్చి ఆరబెట్టమంటే ఎలా? పైగా తవుడు ధూళి యూఎస్‌బీ సాకెట్లలోకీ ఫ్యాన్‌లోకీ చేరుతుంది. ఫోను నీళ్లలో పడ్డప్పటి చిట్కాను ఇక్కడికి తేవద్దు.

మచ్చ కనబడగానే కెమెరా విప్పేయకండి. ముందు అది చెమ్మో మంచో తేల్చుకోవాలి. చెమ్మ పడితే ఫొటోలో ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ మెత్తటి గుడి కడుతుంది, నడిమధ్య అంచులు తెలియని గుండ్రటి మచ్చ వస్తుంది. ముందు అద్దం అంచుల దగ్గర లోహాన్ని ఆనుకుని ఉంటుంది, మధ్యలో ఆ ఆసరా లేదు, ఎదురుగా చల్లటి సెన్సర్. అందుకే మధ్యభాగమే ముందు చల్లబడి చెమరుస్తుంది. మంచు అయితే మచ్చ అంచులు గరుకుగా ఉంటాయి. టెలిస్కోప్ నుంచి కెమెరా తీసి టార్చి ఏటవాలుగా వేస్తే సెన్సర్ మీద ఉప్పు చల్లినట్టో, ఫెర్న్ ఆకు ఈనెలు పరిచినట్టో కనిపిస్తుంది. సందేహం తీరకపోతే సెన్సర్ ఉష్ణోగ్రత కదపకుండా ముందు అద్దం హీటర్ ఒక్కటే ఆన్ చేసి పావుగంట ఆగండి. మచ్చ తగ్గితే అది బయటి చెమ్మ. తగ్గకపోతే హీటర్ అలాగే ఉంచి సెన్సర్‌ను నెమ్మదిగా ప్లస్ 5కు తీసుకురండి. స్ఫటికాలు చిన్న బొట్లై, బొట్లు ఆరిపోతే అది లోపలి మంచు. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. దాన్ని దాటేసి ఓ-రింగుల మీద పడటం వల్లే సగం కెమెరాలు కొత్త దుమ్ముతో, కొత్త లీకుతో తయారవుతాయి.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఫ్లాట్ ఫ్రేములు, అంటే మచ్చలను లెక్కకట్టి తీసేయడానికి సమమైన వెలుతురులో తీసే ఫొటోలు, తీసి సరిచేసుకోవచ్చులే అనుకుంటే కుదరదు. దుమ్ము మచ్చ రాత్రంతా ఉన్నచోటే ఉంటుంది, మంచు గంట గంటకూ పెరుగుతుంది. తెల్లారాక తీసిన ఫ్లాట్ రాత్రి పది గంటల ఫొటోకు సరిపడదు.

బయటి చెమ్మకు మందు సులువు. ఇప్పటి కెమెరాల్లో చాలావాటికి ముందు అద్దం చుట్టూ కొద్ది వాట్ల హీటర్ పట్టీ ఉంటుంది. కానీ అది దానంతటది ఆన్ అవుతుందన్న నమ్మకం లేదు. కెమెరాను నడపడానికి కంప్యూటర్‌లో నీనా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కెమెరా ప్యానెల్‌లో డ్యూ హీటర్ స్విచ్చిని, ఏఎస్ఐఎయిర్ అనే చిన్న కంట్రోలర్ పెట్టె వాడేవాళ్లు కెమెరా సెట్టింగుల్లో యాంటీ-డ్యూ హీటర్‌ను చూసుకోవాలి. కూలింగ్ మొదలుపెట్టేటప్పుడే ఇదీ ఆన్ చేయాలి. చెమ్మ పట్టాక ఆన్ చేస్తే ఆరడానికి పదిహేను నిమిషాలు పోతాయి. హీటర్ వల్ల కూలర్ మీద భారం కాస్త పెరుగుతుంది కాబట్టి రాయలసీమ లాంటి పొడి ప్రాంతాల్లో వేసవి రాత్రుల్లో ఆపేసినా నష్టం లేదు. తీరంలో మాత్రం దాన్ని ముట్టుకోకండి.

ఈ తేడా ఎందుకంటే, గాలి 25 డిగ్రీలు, తేమ 90 శాతం ఉంటే డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, పాఠ్యపుస్తకాల తుషారాంకం, 23 డిగ్రీలు. ముందు అద్దం గాలి కంటే రెండు డిగ్రీలు చల్లబడితే చాలు, చెమరుస్తుంది. అదే 25 డిగ్రీల దగ్గర తేమ 40 శాతమే ఉంటే డ్యూ పాయింట్ 10.5. అద్దం 14 డిగ్రీలు పడిపోతే గానీ ఏమీ కాదు. తేమ 50 శాతం పైన ఉన్నప్పుడు నోటి లెక్క ఒకటి పనికొస్తుంది: తేమ వందకు ఎంత తక్కువో చూసి, దాన్ని అయిదుతో భాగించి, గాలి ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. 28 డిగ్రీలు, 80 శాతం అయితే నాలుగు తీసేస్తే 24. అసలు సూత్రంతో వేసినా 24.2 వస్తుంది.

మన దగ్గర మాత్రమే ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది, చలిదేశాల మాన్యువళ్లలో ఇది కనిపించదు. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ఉన్న కెమెరాను తిన్నగా మేడమీదికి తెస్తారు. బయట డ్యూ పాయింట్ 24. కూలింగ్ ఆన్ చేయకముందే కెమెరా మొత్తం చెమరుస్తుంది, అద్దం ఒక్కటే కాదు, సాకెట్లు, ఫ్యాను వెనక ఉండే సర్క్యూట్ బోర్డు కూడా. దానికి వెంటనే 12 వోల్టులు ఇస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఏసీ గదిలోనే జిప్ కవరులో వేసి, గాలి నొక్కేసి, మూసి, బయటికి తెచ్చి గంటసేపు అలాగే ఉంచండి. కెమెరా బయటి వేడికి వచ్చాక కవరు తీయండి. కారులో ఏసీ వేసుకుని ఊరి బయటికి వెళ్లేవాళ్లకూ ఇదే. తెల్లవారుజామున తిరిగి సర్దేటప్పుడు చెమ్మతో ఉన్న కెమెరాను పెట్టెలో వేసి మూసేస్తే ఆ తడి అందులోనే ఉడుకుతుంది. మీ వ్యాసంలోని సిలికా జెల్ పొట్లం పనికొచ్చే చోటు ఇదే. అదైనా పైపైన తుడిచి, ఇంట్లో గంటసేపు ఆరనిచ్చాకే పెట్టె మూయాలి.

ఇక అసలు కష్టం లోపలి మంచుతో. తయారీదారులు చాంబర్‌లో గాలిని పొడిగా ఉంచడానికి ఏదో ఒక పీల్చే పదార్థం పెడతారు. కొన్ని కెమెరాల్లో ముందు పలక విప్పితే సెన్సర్ పక్కన గుంటల్లో చిన్న గుళికలు ఉంటాయి. కొన్నిటికి పక్కన మర తీసి ఎండబెట్టే గొట్టం తగిలించే రంధ్రం ఉంటుంది, క్యూహెచ్‌వై కెమెరాల్లో ఈ పద్ధతి చూస్తాం. పాత ఎస్‌బీఐజీ కెమెరాలకైతే వెనక మరబిరడాలోనే పీల్చే పదార్థం ఉండేది. దాన్ని విప్పి, ఓ-రింగ్ తీసేసి, ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు వేయించమని వాళ్ల మాన్యువల్ చెప్పేది. ఆర్గాన్ వాయువు నింపి శాశ్వతంగా మూసేసిన కెమెరాలూ ఉన్నాయి. వాటిని ఇంట్లో విప్పకూడదు. మంచు కట్టడం మొదలైతే తయారీదారుకు పంపడమే దారి.

పీల్చే పదార్థాల్లో ఏది మేలంటే మేము మాలిక్యులర్ సీవ్ అంటాం, అంటే నీటి అణువులు పట్టేంత సన్నటి రంధ్రాలున్న గుండ్లు, 3ఏ రకం గానీ 4ఏ రకం గానీ. రెండు అద్దాల కిటికీల అంచు పట్టీలో నింపేవి ఈ గుండ్లే. తేమ ఎక్కువున్న గాలిలో సిలికా జెల్ తన బరువులో మూడో వంతు దాకా నీరు పీలుస్తుంది, అందుకే దానికంత పేరు. కానీ చాంబర్‌లో మనకు కావాల్సిన 7 శాతం తేమ దగ్గరికి వచ్చేసరికి దాని పీల్చే శక్తి బరువులో 4 శాతానికి పడిపోతుంది. అక్కడ కూడా మాలిక్యులర్ సీవ్ 15 శాతానికి పైగా పట్టుకుంటుంది. అంటే గ్రాము సిలికా జెల్ 40 మిల్లీగ్రాముల దగ్గర చేతులెత్తేస్తే, గ్రాము సీవ్ 150 మిల్లీగ్రాములు దాటి మోస్తుంది. దాని చెడ్డగుణం ధూళి. టీ వడకట్టే జాలీలో వేసి బాగా ఊపి, నూకంతా రాలగొట్టాకే వాడాలి, అదీ వడపోత ఉన్న గొట్టంలోనే. చాంబర్‌లో విడిగా పోయకూడదు. బూట్ల పెట్టెలో వచ్చిన పొట్లాలు అసలే వద్దు. అవి మన చేతికి వచ్చేసరికే కడుపు నిండా నీరు తాగి ఉంటాయి.

తడిసిన గుండ్లను మళ్లీ ఎండబెట్టడానికి వేయించడంలో ఎక్కువమంది చేసే తప్పు, రంగు మారింది కదా అని ఆపేయడం. సిలికా జెల్‌లో నీలం గుండ్లు తడిస్తే గులాబీ రంగుకు, నారింజ గుండ్లు ముదురాకుపచ్చకు మారతాయి. రంగు తిరిగి రావడం మొదటి మెట్టే. సిలికా జెల్‌ను ఓటీజీ ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర, పళ్లెంలో ఒకే వరుసగా పరిచి, రెండు మూడు గంటలు ఉంచాలి. రంగు గుండ్లను అంతకు మించి వేడి చేస్తే రంగు చచ్చిపోతుంది. మాలిక్యులర్ సీవ్‌కు 120 చాలదు, 250 డిగ్రీల దగ్గర మూడు గంటలు కావాలి. ఓవెన్ బిళ్ల మీది అంకెను నమ్మకుండా లోపల ఓవెన్ థర్మామీటర్ ఒకటి పెట్టండి. నీలం గుండ్లలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. వంటకు వాడే ఓవెన్‌లో, పళ్లెంలో వాటిని పెట్టవద్దు. మైక్రోవేవ్ వద్దే వద్దు. గుండ్లు పగిలి చిమ్ముతాయి, గొట్టానికి లోహపు మూత ఉంటే నిప్పురవ్వలే.

ఎండిందో లేదో చెప్పేది త్రాసు. 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ త్రాసు చాలు, బంగారం పనివాళ్ల దగ్గర చూసే ఉంటారు. అరగంట తేడాతో రెండుసార్లు తూస్తే బరువు మారకూడదు, అప్పుడు ఎండినట్టు. వేడి గుండ్లను అప్పటికే వెచ్చబెట్టిన గాజు సీసాలో పోసి, బిగుతు మూత పెట్టి, ముప్పావుగంట చల్లారనివ్వండి. పళ్లెంలో ఆరబెట్టారా, చల్లారేలోపే గాలిలోని తేమ మళ్లీ పీల్చుకుంటాయి, మూడు గంటల కరెంటు దండగ. ఎండిన బరువును సీసా మీద రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా అది 3 శాతం పెరిగితే, అంటే 10.00 గ్రాములు 10.30 అయితే, సిలికా జెల్ పని అయిపోయినట్టే. సీవ్‌కు ఇంకా వెసులుబాటు ఉంటుంది.

పక్కన రంధ్రం ఉన్న కెమెరాలకు విప్పే పని లేదు. గొట్టం తగిలించి, కూలింగ్ ఆన్ చేయకుండా, గది వేడిలో 24 గంటలు ఊరికే ఉంచాలి. రంధ్రం సన్నం, ఆవిరి దానంతటది ఆ దారిన నెమ్మదిగా బయటికి రావాలి. గొట్టం పెట్టిన అరగంటకే మైనస్ 10 కొట్టి, ఇది పనిచేయడం లేదు అనేవాళ్లు ఈ ఒక్క రోజు ఓపిక పట్టనివాళ్లే.

గుళికలు మార్చడానికి చాంబర్ తెరవాల్సి వస్తే ముందు వారంటీ సంగతి చూసుకోండి. తెరిచే రోజును కూడా ఎంచుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తెరవకండి. ఏసీ ఉన్న గదిలో డ్రై మోడ్ పెట్టి, రెండు గంటలు నడిపి, తేమ కొలిచే మీటరు 40 శాతం లోపు చూపాక పని మొదలుపెట్టండి. 24 డిగ్రీలు, 40 శాతం గాలిలో ఘనపు మీటరుకు 9 గ్రాముల లోపే నీరు ఉంటుంది, బయటి గాలిలో సగం కూడా కాదు. సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. దుమ్ము అణగాలని వేడినీళ్ల ఆవిరి పట్టిన బాత్‌రూమ్‌లో కూర్చుని సెన్సర్ శుభ్రం చేసుకోమనే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. దుమ్ముకు అది మంచిదేమో గానీ చాంబర్‌కు విషం. పొడి గదిలో స్టాటిక్ కరెంటు భయం ఉంటుంది కాబట్టి నూలు బట్టలు, ఎర్త్ చేసిన మణికట్టు పట్టీ, నైట్రైల్ గ్లవుజులు ఉండాలి. కెమెరాకు పవర్ తీసేసి, గది వేడికి వచ్చాకే మరలు విప్పాలి. సెన్సర్ మీద నోటితో ఊదకూడదు, రబ్బరు బంతి బ్లోయర్ వాడాలి.

ఓ-రింగ్ దగ్గర తొందర పనికిరాదు. కుక్కర్ గ్యాస్కెట్ కింద ఒక్క మెతుకు ఇరుక్కుంటే ఆవిరి ఎలా తన్నుకొస్తుందో, ఓ-రింగ్ కింద ఒక్క వెంట్రుక పడితే తేమ అలా లోపలికి వస్తుంది. గాడిని, రింగునూ నూగు రాలని బట్టతో తుడిచి, భూతద్దంతో చుట్టూ చూడండి. చదునుగా నలిగినా, చీలినా మార్చాలి. మార్చేటప్పుడు బజారులో తేలిగ్గా దొరికే సిలికాన్ రింగు తెచ్చి వేయవద్దు. సిలికాన్ రబ్బరు వేడికి తట్టుకుంటుంది గానీ నీటి ఆవిరిని బాగా సాగనిస్తుంది. అదే కొలతలో వైటాన్ గానీ నైట్రైల్ గానీ అడగండి. గ్రీజు పూయాలంటే ఫ్లోరిన్ జాతి వాక్యూమ్ గ్రీజు, అదీ రింగు తళుక్కుమనేంత మాత్రమే. సిలికాన్ గ్రీజు దట్టంగా పూస్తే నెలల్లో పాకి అద్దం మీదికి చేరుతుంది. మూసేటప్పుడు సీసాలోంచి గుళికలు తీసి పెట్టడానికీ పలక మూయడానికీ మధ్య ఒకటి రెండు నిమిషాలకు మించకూడదు. మరలను ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి. ఒకవైపు ముందే బిగిస్తే రెండోవైపు వెంట్రుకవాసి లేస్తుంది. బలం కొద్దీ బిగిస్తే అద్దం చిట్లుతుంది.

మూశాక ఆ రాత్రే ఆకాశం మీదికి వెళ్లకుండా ఒక రోజు ఆగి ఇంట్లోనే పరీక్ష చేయండి. కెమెరా ముందు తెల్ల తెర వెలిగించిన ట్యాబ్ పెట్టి, సెన్సర్‌ను 0 దగ్గర అరగంట, మైనస్ 5 దగ్గర అరగంట, మైనస్ 10 దగ్గర అరగంట ఉంచుతూ పది నిమిషాలకొక ఫ్రేము తీయండి. మొదట్లో పలచగా మచ్చ కనబడి తర్వాత దానంతటదే పోతే కంగారు వద్దు. పెల్టియర్ పలక సెన్సర్ కంటే చల్లగా ఉంటుంది, మిగిలిన కాస్త ఆవిరి అక్కడికి వెళ్లి గడ్డకట్టిందన్నమాట. మొదట బాగుండి రెండు గంటల తర్వాత మచ్చ మొదలై పెరుగుతూ పోతే ఎక్కడో లీకు ఉంది, మళ్లీ ఓ-రింగే చూడాలి.

చల్లబరచడం, వెచ్చబరచడం నిమిషానికి రెండు మూడు డిగ్రీల చొప్పున సాగాలి. నెమ్మదిగా దిగితే లోపలి పదార్థానికి ఆవిరిని పట్టుకునే వ్యవధి దొరుకుతుంది. పని అయ్యాక ప్లగ్గు లాగేస్తే పెల్టియర్ వేడి ముఖం నుంచి వేడి వెనక్కి తన్ని, పలక మీది మంచు ఒక్కసారిగా కరిగి బోర్డు మీదికి జారుతుంది. వార్మ్-అప్ బటన్ ఉన్నది అందుకే.

ఇంత చెప్పాక చాలామంది వినడానికి ఇష్టపడని మాట ఒకటి: మైనస్ 20 అవసరం లేదు. సెన్సర్‌లో వేడి వల్ల పుట్టే డార్క్ కరెంట్ సుమారు ప్రతి ఆరు డిగ్రీలకు సగమవుతుంది. 25 నుంచి 0కు దిగేసరికే అది పద్దెనిమిదో వంతుకు పడిపోతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల వెలుతురు నిండిన ఆకాశం కింద అయిదు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో ఆకాశపు గోలే అంతకంటే ఎన్నో రెట్లు. పైగా ఈ కెమెరాలు చుట్టూ ఉన్న గాలి కంటే దాదాపు 35 డిగ్రీలే దిగగలవు. ఏప్రిల్‌లో రాత్రి 30 డిగ్రీలుంటే కూలర్ ఊపిరంతా బిగబట్టినా మైనస్ 5 దాటదు. వేసవిలో 0, చలికాలంలో మైనస్ 10 పెట్టుకుని, కూలర్ శక్తి 80 శాతం మించకుండా చూసుకుంటే మంచు బెడద సగం తగ్గుతుంది. డార్క్ ఫ్రేములు, అంటే ఆ గోలను తీసేయడానికి కెమెరాకు మూత పెట్టి తీసే ఫొటోలు, ఆ రెండు ఉష్ణోగ్రతలకే తీసి దాచుకుంటే సరి.

వర్షాకాలం నాలుగు నెలలే కెమెరాకు గండం. వాడటం లేదు కదా అని ఊరుకుంటాం. రబ్బరు ఎంత మంచిదైనా ఆవిరిని పూర్తిగా ఆపదు, బయట 85 శాతం తేమ నెలల తరబడి ఒత్తుతుంటే లోపలికి కొంచెం కొంచెంగా ఊరుతూనే ఉంటుంది. దీపావళి వెళ్లాక మొదటి తేట రాత్రి సెన్సర్ మీద కనిపించే మంచు జూలైలో లోపలికి చేరినదే. మీ వ్యాసం సలహా సగం నిజమని అన్నది ఇందుకే. పెట్టెలోని సిలికా జెల్ చాంబర్‌ను ఎండబెట్టలేదు గానీ, బయటి తేమను 30 శాతం దగ్గర ఉంచితే లోపలికి ఊరే వేగాన్ని తగ్గిస్తుంది. అదీ గాలి చొరని రబ్బరు అంచు డబ్బా అయితేనే, లోపల చిన్న తేమ మీటరు పెట్టి, అంకె 40 దాటగానే గుండ్లు మళ్లీ వేయిస్తేనే. కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ కొనగలిగితే ఇంకా మేలు.

వెల్డింగ్ షాపు నుంచి ఆర్గాన్ తెచ్చి చాంబర్‌లో నింపుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. ఆర్గాన్ పొడిగా ఉంటుంది, గాలి కంటే మూడో వంతు తక్కువగా వేడిని సాగనిస్తుంది, కాబట్టి ముందు అద్దం కూడా అంతగా చల్లబడదు. ఆలోచన మంచిదే. కానీ సిలిండర్ పీడనం కాస్త ఎక్కువైతే అద్దం లేచిపోతుంది, మూసిన గదిలో ఆర్గాన్ వదిలితే ఊపిరాడదు. చేయి తిరిగినవాళ్లకు వదిలేయడం మంచిది. తమిళనాడులోని కావలూరు, లద్దాఖ్‌లోని హాన్లే లాంటి పెద్ద వేధశాలల్లో అయితే సెన్సర్‌ను గాలి పూర్తిగా తోడేసిన పాత్రలో పెట్టి ద్రవ నత్రజనితో చల్లబరిచే పద్ధతి ఉంది. గాలే లేకపోతే మంచు ఎక్కడిది అనుకుంటాం. 2023 జూలైలో అంతరిక్షంలోకి వెళ్లిన ఐరోపా అంతరిక్ష సంస్థ వారి యూక్లిడ్ టెలిస్కోప్‌కు అక్కడి శూన్యంలోనూ వెలుతురును ప్రతిఫలించే అద్దాల మీద అతి పలుచటి మంచు పేరింది, భూమి మీద ఉండగా పరికరంలోకి చేరిన తేమే అది. 2024 మార్చిలో ఒక అద్దాన్ని మైనస్ 147 నుంచి మైనస్ 113కు వెచ్చబరిస్తే వచ్చే వెలుతురు 15 శాతం పెరిగింది.

మీకు ఒక విన్నపం. మీ పత్రిక వాతావరణం గడిలో ఊరూరి గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలతో పాటు తేమ శాతం వేస్తున్నారు. ఆ తేమ శాతం ఉదయం 8.30కో సాయంత్రం 5.30కో కొలిచినది. గాలి చల్లబడే కొద్దీ అదే నీటికి శాతం పెరుగుతుంది కాబట్టి, సాయంత్రం 60 అని చదివినది తెల్లవారుజామున మూడింటికి 90 అవుతుంది. డ్యూ పాయింట్ అలా కాదు. గాలి మారకపోతే సాయంత్రం ఎంత ఉందో రాత్రంతా ఇంచుమించు అంతే ఉంటుంది. సాయంత్రపు డ్యూ పాయింట్ పక్కన ఆ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత చూస్తే అద్దాలు చెమరుస్తాయో లేదో ముందే అంచనా వేసుకోవచ్చు. టెలిస్కోపు ఉన్నవాళ్లకే కాదు, కళ్లంలో ధాన్యం ఆరబోసిన రైతుకూ, తెల్లవారుజామున పొగమంచులో బండి తీసే డ్రైవరుకూ అది పనికొచ్చే అంకె. ఆ గడిలో ఇంకొక్క వరుస పట్టేలా చూడగలరా?

ఇట్లు,
కొందరు ఔత్సాహిక ఖగోళ ఫొటోగ్రాఫర్లు,
హైదరాబాద్, విశాఖపట్నం